పిట్టల మీద నింద

పరిశోధన క్షేత్రం ఆఫీసు వరండాలో కొత్త జాబితా అతికించారు. వెనకగా విత్తిన జొన్న మళ్లు గింజ పట్టే వేళకొచ్చాయి. వాటికి పిట్టల కాపలా ఎవరెవరో అందులో ఉంది. కేకలక్కకి చదువు అంతంత మాత్రమే గాని, తన పేరు ఏ కాగితంలో ఏ మూల ఉన్నా ఇట్టే పట్టుకోగలదు. తొమ్మిదేళ్లుగా ఆ పేరు మొదటిదో రెండోదో అయి ఉంటూ వచ్చింది. ఆ పొద్దున పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి వేలు పెట్టి వెతికింది. లేదు.

ఆమె అసలు పేరు అలాంటి కాగితాల్లో తప్ప ఎవరి నోటా లేదు. మంచె ఎక్కి ఒక్క కేక పెట్టిందంటే నాలుగు మళ్ల అవతలి పిట్టలు లేచిపోయేవి, ఆఫీసులో కునుకు తీస్తున్న గుమస్తా కూడా లేచేవాడు. అందుకని చిన్నా పెద్దా అందరికీ ఆమె కేకలక్కే.

ఆ గుమస్తానే ఇప్పుడు కిటికీ అవతల కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"ఏం బాబూ, నా పేరు తిన్నావా?"

"నేనెందుకు తింటానక్కా? పిట్టలే తిన్నాయి." తన చమత్కారానికి తనే నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి గ్లాసు పక్కన పెట్టాడు. "తూకం పుస్తకంలో అలా ఉంది మరి. పోయిన వారం కోసిన మళ్లలో ఎనిమిదింటిని పిట్టలు తిన్నాయట. తిన్నాయంటే కాపలా సరిగా లేనట్టే గదా. అప్పుడు మనిషిని మార్చాలని నియమం. నీ మీద నాకేమైనా కోపమా? కాగితంలో ఏముంటే అది చేస్తాను."

కేకలక్కకి ఒళ్లు మండిపోయింది. నలభై రెండు రోజులు ఆ మంచె మీద కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. సూర్యుడికంటే ముందు ఎక్కి, సూర్యుడు దిగాక దిగింది. ఒడిసెల తిప్పి తిప్పి కుడి భుజం వాచిపోతే ఎడమ చేత్తో రాళ్లు విసరడం నేర్చుకుంది. ఇప్పటికీ గొంతు పూర్తిగా రాలేదు, మాట్లాడితే పాత తలుపు తీసినట్టుంది. కూలి పోతే పోయింది, ఇంకోచోట దొరుకుతుంది. తన కాపలాలో ఎనిమిది మళ్లు పిట్టల పాలయ్యాయని అచ్చంగా పుస్తకంలో రాసి పెట్టారంటే, ఇక ఏ చేను గట్టు మీద నిలబడి ఏ ముఖం పెట్టుకుని పని అడుగుతుంది? అంత మాట ఎవరు రాశారో తేల్చుకోవాలని నేరుగా తూకం గదికి నడిచింది.

తూకం గదిలో కాటా బాబాయి ఉన్నాడు. ఇరవై మూడేళ్లుగా ఆ కాటా ముందు ఆయనే. గాలికి ముల్లు కదులుతుందని తలుపులు దగ్గరగా వేసి, పళ్లెం మెత్తటి గుడ్డతో తుడిచి, గింజలు పోశాక ఊపిరి కూడా పక్కకి తిప్పి వదులుతాడు. ముల్లు ఆగేదాకా ఆ గదిలో ఎవరూ నోరు మెదపకూడదు, ఆఫీసరు వచ్చినా అంతే. కేకలక్క కోపంతో ఊగిపోతూనే గుమ్మంలో ఆగింది. ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి నిలబడింది. బాబాయి అంకె రాసుకుని, కళ్లద్దాలు తీశాడు గాని ఆమె వైపు చూడలేదు.

"బాబాయ్, ఆ మాట రాసింది నువ్వేనా?"

"ఏ మాట?"

"పిట్టలు."

బాబాయి నీళ్లు నమిలాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"నేను రాయలేదు అమ్మాయ్, రాయించారు."

"చెయ్యి నీదేనా?"

"చెయ్యి నాదే."

మొత్తం పదహారు మళ్లు, ఒక్కోదాని మూల ఒక్కో రంగు పుల్ల. తెల్ల పుల్ల మడికి ఏమీ వేయరు. పసుపు పుల్లకి సగం ఎరువు. ఎర్ర పుల్లకి నిండు ఎరువు. ఎరుపు మీద నీలం గీత ఉంటే నిండు ఎరువు వేసి, పైన ఎదుగుదల మందు కూడా కొడతారు. ఒక్కో రంగువి నాలుగు మళ్లు. అవి ఒకచోట ఉండవు, చీట్లు తీసి చెల్లాచెదురుగా వేస్తారు. పోయిన రెండేళ్లూ నీలం గీతవే గెలిచాయి, వాటి వెనకే ఎర్రవి. ఈ ఏడు బాబాయి తూస్తే ఆ రెండు రంగులవీ, ఎనిమిదికి ఎనిమిదీ, తెల్ల పుల్లకంటే తేలిపోయాయి.

"సారు నమ్మలేదు," అన్నాడు బాబాయి. "మూడుసార్లు తూయించారు. మూడోసారి కూడా ముల్లు అక్కడే ఆగింది. 'పిట్టలు తినుంటాయి, రాసెయ్యి' అన్నారు. రిమార్కుల గడి ఖాళీగా ఉంటే పైవాళ్లు ఎందుకు తగ్గిందని అడుగుతారు. రాశాను. అందులో నీ పేరు లేదే."

"పిట్టలు తిన్నాయంటే నా పేరు రాసినట్టు కాదా?"

బాబాయి పుస్తకం మూసి పక్కకి నెట్టాడు.

కేకలక్క గోడవారన అరలోకి చూసింది. నూర్చేముందు ఒక్కో మడి నుంచి పది కంకులు కోసి, కాగితం సంచిలో వేసి, మడి నంబరు రాసి, పుల్ల రంగు గీత గీసి దాస్తారు. ఆమె అడగకుండానే ఎర్రదొకటి తీసి మూతి విప్పింది. బాబాయి వద్దనలేదు. కంకి ఒకటి పుచ్చుకుని అరచేతిలో నలిపింది. చేతులు మార్చి, దోసిలి పట్టి, ఉఫ్‌మని ఊదింది. పొట్టంతా లేచిపోయింది. అరచేతిలో ఏడెనిమిది గింజలు మిగిలాయి, అవి కూడా నలిగిన కాగితం ముక్కల్లా ఉన్నాయి.

"ఇది తాలు. పిట్ట తిన్న కంకి ఇలా ఉంటుందా? కంచె పక్క వరస కంకులు తెచ్చి చూపించనా? పిట్ట పొడిస్తే పొట్టు నోరు తెరుచుకుని ఉంటుంది, సగం కొరికిన గింజ అందులోనే ఉంటుంది, రెట్ట ఉంటుంది. ఇందులో పొట్టు విడితేగా! లోపల ఏముందని తింటాయి?"

"నాకు తెలుసు."

"తెలిసే రాశావా?"

ఆ మాట బాబాయికి సూటిగా తగిలింది. ఆయన నింపాదిగా కాటా పళ్లెంలోని గింజలు సంచిలో పోసి, మూతి కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు.

"నిండు ఎరువుకి ఆకు ఏపుగా వచ్చింది అమ్మాయ్. నువ్వూ చూశావు, ఎంత ముచ్చటగా ఉండేవి ఆ మళ్లు! మందు పడ్డవైతే నల్లగా నిగనిగలాడాయి. ఆ ఆకంతా నేలలో తడి ముందే పీల్చేసింది. ఆ తర్వాత నలభై రోజులు చినుకు లేదు. గింజ పట్టే వేళకి వేరుకి ఏం మిగిలింది? పసుపు పుల్లవి మితంగా పెరిగాయి, మితంగా తాగాయి, అన్నిటికంటే ఎక్కువ తూగాయి. ఇదంతా నాకు అర్థమైంది. గుండెల్లో ఉన్నది గడిలో రాయడానికి నేనెవర్ని?"

"పద, సారు దగ్గరికి," అంది కేకలక్క.

ఆఫీసరు గది నిండా అచ్చు కాగితాల వాసన. పురికొస కట్టిన కట్టలు కుర్చీల మీద కూడా ఉన్నాయి. మెట్ట రైతులు జొన్నకి ఎంత ఎరువు వేయాలో, మందు ఎప్పుడు కొట్టాలో చెప్పే చీటీలవి. చీటీ మీద ఏపైన జొన్నచేను బొమ్మ, కింద నిండు ఎరువు లెక్క. ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. కూలీలను పేరు పెట్టి పిలుస్తాడు, ఎండలో వాళ్లతోపాటు నిలబడతాడు. అతను కూడా మెట్ట చేలల్లో పెరిగినవాడే. ఆ రోజు మాత్రం కళ్లకింద నలుపుతో, నిద్రలేని ముఖంతో ఉన్నాడు.

సంగతి విని నొసలు రుద్దుకున్నాడు.

"అయ్యో అక్కా, నీ పేరు తీసేశారా? నాకు తెలీదు. నేను నిన్ను ఉద్దేశించి రాయించలేదు. ఇప్పుడే గుమస్తాకి చెబుతాను, జాబితాలో ఎక్కిస్తాడు. సరేనా?"

"పేరు ఎక్కిస్తారు. మరి ఆ మాట కొట్టేస్తారా సార్?"

"అది వేరే విషయం."

"దానివల్లే గదా సార్ పేరు పోయింది."

"ఎల్లుండి పైనుంచి తనిఖీకి వస్తున్నారు," అన్నాడు ఆఫీసరు, ఆమెతో కాదు, బల్లతో చెబుతున్నట్టు. "రెండేళ్ల ఫలితాలు చూసి చీటీ అచ్చు వేయించాం. మూడో ఏడు కూడా అలాగే వస్తుందనుకున్నాం. ఒక్క ఏడు ఇలా తిరగబడింది. ఒక్క ఏడు. దానికో కారణం చూపించాలి. నీ పని నీకుంటుంది అక్కా, ఎవరూ నిన్నేమీ అనరు. ఈ రెండు రోజులు ఊరుకో."

బాబాయి నేల చూపులు చూస్తున్నాడు. కేకలక్క ఇంకా ఏదో అనబోయింది. గొంతు పూడుకుపోయి రాలేదు. అవసరమైనప్పుడే మొరాయించే గొంతు మీద ఆమెకి ఎక్కడ లేని కోపం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మొగుడు కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇటుకల పని మానుకుని వారంగా సొంత చేను దగ్గరే ఉంటున్నాడు. ఉన్నది రెండెకరాలు, అదీ మెట్ట. ఈ ఏడు ఆ చీటీలో రాసినట్టు అక్షరం పొల్లు పోకుండా వేశాడు. నిండు ఎరువు, పైన మందు. ఆ చీటీ తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టెలో దాచుకున్నాడు. పెళ్లాం పనిచేసే చోటి నుంచి వచ్చిన కాగితమని అతనికదో గర్వం.

"జాబితాలో ఎక్కిస్తానన్నాడా? ఇంకేం మరి! ఎగిరి గంతెయ్యక మూతి ముడుచుకుంటావేం?"

"నేను మంచె మీద ఉండగా ఎనిమిది మళ్లు తిన్నాయని రాసి ఉంటే నీకేమీ అనిపించదా?"

"ఆ పుస్తకం ఎవడు తెరుస్తాడే?"

"నాకు తెలుసు గదా అందులో ఏముందో."

"నీ పట్టుదల నువ్వూను! పోనీలే, చేనుకొచ్చి చూడు ఒకసారి, నీ కోపం దిగిపోతుంది. మనిషి లోపలికెళితే కనపడడు. ఆకు చూస్తే కళ్లు తిప్పుకోలేం."

'ఆకు' అన్న మాట దగ్గర కేకలక్కకి బాబాయి చెప్పింది చురుక్కుమంది. అడగాలనుకుంది. కానీ ఆ పూట ఆమె మనసంతా ఒకటే మాట మీద ఉంది, నల్ల సిరాతో రాసిన ఆ ఒక్క మాట మీద. మన చేను వెనకగా విత్తాం, అది వేరు, ఆ మళ్లు వేరు అని సర్దిచెప్పుకుని అటు తిరిగి పడుకుంది.

మూడో రోజు తనిఖీకి వచ్చినావిడ అరవై దాటిన మనిషి. చేతిలో కర్ర, నెత్తిన వెడల్పాటి టోపీ. జీపు దిగి, గదిలో వేసిన కుర్చీ వంక కూడా చూడకుండా నేరుగా మళ్లలోకి నడిచింది. ఆమె వెనక ఆఫీసరు, అతని వెనక పుస్తకం పట్టుకుని బాబాయి, గట్టు మీద వరసగా కూలీలు. కోసేసిన మళ్లలో మోళ్లు, మూలల్లో రంగు పుల్లలు మాత్రం మిగిలాయి. పెద్దావిడ వంగి మోడు పట్టుకుని చూసింది, కర్రతో మట్టి పొడిచి చూసింది. తర్వాత చెయ్యి చాచి పుస్తకం తీసుకుంది.

"పిట్టలా?" అంది చదువుతూ. "ఎనిమిది మళ్లలోనా? కాపలా లేదా?"

"ఉంది మేడం," అన్నాడు ఆఫీసరు. "ఈసారి ఉధృతి ఎక్కువ."

గట్టు మీద కేకలక్క కాళ్లు వాటంతట అవే కదిలాయి. ముందుకొచ్చాక గాని, తనెంత ముందుకొచ్చిందో ఆమెకి తెలియలేదు.

"కాపలా నేనేనమ్మా."

"నువ్వేనా? అయితే చెప్పు. ఎలా తిన్నాయి?"

"తినలేదమ్మా." గొంతు బొంగురుగా వచ్చింది గాని వచ్చింది. "అటు చూడండి. ఎర్ర పుల్ల అక్కడొకటి, ఆ మూల ఒకటి, ఇక్కడ మధ్యలో ఒకటి, కంచె దగ్గర ఒకటి. నీలం గీతవీ అంతే. పక్కపక్కనే తెల్లవి, పసుపువి ఉన్నాయి. వాటిల్లో గింజ నిండుగా ఉంది. నిండుగా ఉన్నవి వదిలేసి, ఏరి ఏరి ఎర్రవే తిన్నాయంటే, పిట్టలకి రంగులు చదవడం వచ్చా?"

గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దావిడ నవ్వలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"మరి అక్కడ అసలు వాలలేదా?"

"గింజలో పాలు పట్టే వారంలో ఒకటి రెండు రోజులు వాలాయి. ఒక కంకి మీద కూర్చోవడం, ముక్కు పెట్టడం, ఎగిరిపోవడం. అలా నాలుగు చూసి పసుపు వాటి మీద పడేవి. తర్వాత అటే పోలేదు. ఆ ఎనిమిది మళ్ల మీదికి నేను పది రాళ్లు కూడా విసిరి ఉండను."

"ఎప్పటి సంగతి ఇది?"

"కోతకి నెల ముందు."

"నెల ముందే తెలిస్తే ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

కేకలక్క ఆ ప్రశ్న ఊహించలేదు. తల వంచుకుంది.

"భుజం వాచి ఉందమ్మా. అటు విసిరే పని తప్పిందని సంతోషపడ్డాను. అంతకంటే ఆలోచించలేదు."

అప్పుడు కాటా బాబాయి ముందుకొచ్చి, పెద్దావిడ చేతిలోంచి పుస్తకం మర్యాదగా అందుకున్నాడు. మోకాలి మీద పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఎనిమిది గడుల్లో ఎనిమిది గీతలు గీశాడు. ఒక్కో గీత పక్కన తేదీ వేసి సంతకం పెట్టాడు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. పక్కన 'తాలు' అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చాడు.

ఆఫీసరు ఆయన్ని ఆపలేదు. ముఖంలో కోపం కూడా లేదు. పెద్ద బరువు దించుకుని, దించిన చోటు చూసి భయపడ్డ మనిషిలా ఉన్నాడు.

"ఇది తప్పు ఫలితం కాదయ్యా," అంది పెద్దావిడ అతనితో, కాస్త మెత్తగా. "రెండు మంచి ఏళ్లు చెప్పనిది ఈ చెడ్డ ఏడు చెప్పింది. ఎరువు చెడ్డదని కాదు, సగం వేసిన మళ్లు చూడు, కరువులో కూడా తెల్లవాటిని దాటాయి. వాన నమ్మకం లేని నేలకి అంతవరకే. పోనీ, ఇప్పుడైనా తెలిసింది. ఆ చీటీ ఇంకా బయటికి పోలేదు గదా?"

ఆఫీసరు పెదాలు తడుపుకున్నాడు.

"విత్తనాల ముందే పంచేశాం మేడం. గదిలో ఉన్నవి మిగిలినవి."

"ఎన్ని ఊళ్లకి?"

"అన్ని ఊళ్లకీ."

కూలీలు కేకలక్క చుట్టూ చేరారు. ఒకామె భుజం తట్టింది. గుమస్తా అప్పటికప్పుడు జాబితా తెచ్చి, అందరికంటే పైన ఆమె పేరు రాసి చూపించాడు, "ఇదిగోనక్కా, చూసుకో, పెద్దక్షరాలతో రాశాను," అని. ఆమె చూసింది. తన పేరే. మూడు రోజులుగా దీనికోసమే అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. ఇప్పుడు అక్షరాలు కనపడుతున్నాయి గాని సంతోషం మాత్రం రావడం లేదు. ఆ పూట పని ఉందో లేదో అడక్కుండానే గేటు దాటి బయటపడింది.

సొంత చేను చేరేసరికి పొద్దు ఇంకా ఒక నిలువెత్తు ఉంది. చేను మొగుడు చెప్పినట్టే ఉంది. మనిషి లోపలికెళితే కనపడడు. ఆకులు పచ్చగా, బలంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. మధ్యలో కొత్త కర్రలతో కట్టిన మంచె, దాని మీద మొగుడు. ఆమెని చూసి దొరలా చెయ్యి ఊపాడు.

"ఏమైందే? పేరు ఎక్కించారా?"

"ఎక్కించారు."

"నేను చెప్పలేదూ!"

ఆమె మంచె కిందికొచ్చి ఆగింది. అంత పెద్ద చేనులో ఆకుల గరగర తప్ప ఇంకే చప్పుడూ లేదు. తొమ్మిదేళ్లుగా గింజ పట్టే చేల మధ్య బతికిన మనిషి. ఈ వేళకి చేను ఎంత గోలగా ఉండాలో ఆమె చెవులకి తెలుసు.

"పిట్టలు బాగా వస్తున్నాయా?"

"నీ మొగుణ్ణి చూసి హడలిపోయాయి. వారమైంది మంచె ఎక్కి, ఒక్క రాయి విసిరితే ఒట్టు! నువ్వేమో గొంతు చించుకుంటావు. నేను ఊరికే కూర్చుంటే చాలు, చూశావా?" మంచె మీద ఒక పక్కన అతను ఏరి కుప్ప పోసుకున్న రాళ్లు నున్నగా, వరసగా ఉన్నాయి.

కేకలక్క పక్క మొక్క వంచి కంకి తుంచింది. అరచేతిలో నలిపింది. ఊదింది. ఇంకోటి తుంచింది. ఇంకా నాలుగు అడుగులు లోపలికెళ్లి మరొకటి. మంచె మీంచి అతను చూస్తున్నాడు. మొదట నవ్వుతూ చూశాడు, తర్వాత నవ్వు లేకుండా చూశాడు.

"ఏంటే అది? పచ్చి కంకులు ఎందుకు నలుపుతున్నావు?"

ఆమె రెండు చేతులూ తెరిచి అతనికి కనపడేలా పైకెత్తింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీగానే ఉన్నా తుడుచుకోలేదు.

"దిగు," అంది.

"పిట్టలు వస్తేనో?"

"రావు. దిగి ఇంటికి పద. రేపు కొడవళ్లు పట్టుకొద్దాం. కోసి ఎండబెడితే పశువుల మేతకి చొప్పైనా దక్కుతుంది."

అతను దిగలేదు. ఆమె చేతుల వంక, చేను వంక మార్చి మార్చి చూశాడు. ఒడిసెల తీసి, కుప్పలోంచి ఒక రాయి ఏరి పెట్టి, లేచి నిలబడి, బలమంతా పెట్టి తిప్పి చేను నడిమికి విసిరాడు. రాయి ఎక్కడో ఆకుల్లో పడ్డ చప్పుడైంది. ఇద్దరూ అటే చూశారు. ఒక్క పిట్టా లేవలేదు.